తడి ఆరని గుర్తు

మా ఆస్పత్రిలో కొత్తగా చేరే నర్సు పిల్లలకి నా గురించి ఒక కథ చెబుతారట. నేను రిటైరయ్యాను గానీ ఆ కథ మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. మొన్న బందరు బస్సులో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని, నేనెవరో తెలియక, దాన్ని నాకే చెప్పింది. గుడ్లవల్లేరులో మొదలుపెట్టి పెడన వచ్చేదాకా చెప్పింది. ఆపరేషన్ థియేటర్లో ఒక పెద్ద సిస్టరు ఉండేదట. ఆవిడ అనుమానానికి డాక్టర్లు కూడా జంకేవారట. ఒకసారి తుంటి కీలు మార్చే ఆపరేషన్లో కుడి వైపుకి బదులు ఎడమ వైపు కోయబోతుంటే, ఆవిడ ఒక్కతే కనిపెట్టి ఆపించిందట. "అలాంటివాళ్ళు ఇప్పుడు లేరండీ" అని నిట్టూర్చింది కూడా.

నేను ఊఁ కొడుతూ విన్నాను. ఆపించిన మాట నిజం. కనిపెట్టిన మాట అబద్ధం. కనిపెట్టిన మనిషి వేరే ఉన్నాడు, అతని నోరు మూయించింది నేను. ఈ ముక్క ఆ అమ్మాయికి బస్సులో చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు చదివితే చాలు, మిగతావాళ్ళు చదవకపోయినా నాకు బాధ లేదు.

ముందు నా గుణం చెప్పాలి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా థియేటర్లో ఆ భూతానికే జీతం ఇచ్చి పోషిస్తారు. గాజ్ గుడ్డ ముక్కలు రెండుసార్లు లెక్కపెట్టడం పద్ధతి అయితే నేను మూడోసారి లెక్కపెట్టేదాన్ని. కత్తెరలు ఉడికించామని ఎవరైనా అంటే ఎవరు ఉడికించారు, ఎప్పుడు, నువ్వు కళ్ళారా చూశావా అని నిలదీసేదాన్ని. ఇంట్లోనూ అంతే. పాలు కాచానని మా ఆయన అంటే మూత తీసి మీగడ కట్టిందో లేదో చూసేదాన్ని. "పెళ్ళిచూపుల్లో మావాళ్ళు నీ జాతకం అడిగితే, నువ్వు నా టెన్త్ సర్టిఫికెట్ అడిగావు" అని ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు. ఈ గుణం వల్ల నాకు ఉద్యోగంలో మంచి పేరే వచ్చింది. లోకంలో ఉన్న వాళ్ళందరినీ అనుమానించడానికే తీరిక చాలక, నన్ను నేను అనుమానించుకోవడం మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

ఇక ఆ మనిషి సంగతి. పెడన దగ్గర అద్దకం పనివాడు. కలంకారీ గుడ్డల మీద చెక్క అచ్చులు వేయడమే నలభై ఏళ్ళుగా అతని పని. రోజంతా బల్ల ముందు నిలబడి, ఒక కాలి మీద బరువు వేసి వంగి, అచ్చు పెట్టి గుద్దాలి. అరవై దాటేసరికి రెండు తుంటి కీళ్ళూ అరిగిపోయాయి. కుడిది మరీ అధ్వాన్నం. ముందు కుడిది మార్చాలనీ, ఎడమది కొన్నాళ్ళయ్యాక చూద్దామనీ మా ఎముకల డాక్టరు గారు తేల్చారు. రెండూ అరిగినవే కావడంతో ఎక్స్‌రే చూడగానే ఇదిగో చెడ్డ వైపు ఇదీ అని తెలిసిపోయేటట్టు లేదు. జరగబోయేదానికి ఇది ముఖ్యం.

ఆపరేషన్ ముందు రోజు వార్డుకి వెళ్ళి మనిషికి ధైర్యం చెప్పడం నా పనుల్లో ఒకటి. ఆ రోజు మత్తు డాక్టరమ్మ కూడా వచ్చింది. చిన్న వయసు, మా దగ్గర చేరి ఆర్నెల్లయింది. నడుముకి ఇంజెక్షన్ ఇస్తామనీ, దాంతో బొడ్డు కింద నుంచి స్పర్శ తెలియదనీ, పైన మాత్రం మెలకువగానే ఉంటారనీ, కాస్త తూగేటట్టు వేరే మందు కొద్దిగా ఇస్తామనీ ఓపిగ్గా చెప్పింది. మెలకువగా ఉంటారు అనగానే ఎవరైనా గుండెలు బాదుకుంటారు. ఇతను ఎదురు ప్రశ్న వేశాడు.

"చెవులు వినపడతాయా అండీ?"

"వినపడతాయి. సుత్తి చప్పుడు కూడా వినపడొచ్చు, కంగారు పడకండి."

"నోరు?"

"నోటికేం కాదు" అని నవ్వింది డాక్టరమ్మ.

"అయితే ఆ తూగే మందు వద్దులెండి. ఎవరేం చేస్తున్నారో నాకు తెలియాలి."

అంతసేపు ఒక పక్కకి తిరిగి కదలకుండా పడుకోవడం కష్టమనీ, అందుకే ఆ మందనీ ఆవిడ నచ్చజెప్పి, బాగా తక్కువ ఇస్తానని ఒప్పించింది. ఆవిడ వెళ్ళిపోయాక అతను నా మీద పడ్డాడు. కోసేది పెద్ద డాక్టరు గారేనా, మధ్యలో చిన్నవాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోతారా? లోపల పెట్టే కీలు పెట్టె నా కళ్ళ ముందు సీలు విప్పుతారా? తొడుక్కోమని ఇచ్చిన గౌను గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "దీన్ని ఎక్కడ ఉతికిస్తారండీ?" అని కూడా అడిగాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా డ్యూటీ వేళలు రాసుకున్నాడు.

పక్కనే ఉన్న అతని భార్య సిగ్గుపడిపోయింది. "ఆయనంతేనండీ, ఏమీ అనుకోకండి. పటిక నీళ్ళు కలిపి పెట్టామన్నా నమ్మరు. నాలిక మీద వేసుకుని చూడాల్సిందే."

"చూడకపోతే రంగు నిలవొద్దూ?" అన్నాడతను. "రంగు కారిపోయాక ఎవర్నడుగుతాం?"

నిజానికి అది నేను అనాల్సిన మాట. ఆ మనిషిని చూస్తే నాకు ముచ్చటేయాలి. కానీ ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, నాకు ఒళ్ళు మండింది. దానికి తోడు ఆ మధ్యనే ఎవరో మా ఆస్పత్రి మీద కేసు వేస్తామని లాయర్ని వెంటబెట్టుకుని వచ్చి నానా యాగీ చేసి వెళ్ళారు. మా థియేటర్ అసిస్టెంటు చెవిలో వేశాడు: "ఈయన వాళ్ళ తాలూకేమో మేడమ్. లేకపోతే టైములు రాసుకోవడం ఏంటండీ?" నాకు అంతకంటే ఏం కావాలి? అమాయకుడిలా అడుగుతున్నాడు, ఎక్కడో మనల్ని ఇరికించడానికే వచ్చాడని ఖాయం చేసేసుకున్నాను. వార్డు ఆయమ్మని పిలిచి, అతని మీద ఒక కన్నేసి ఉంచమని కూడా చెప్పాను.

మర్నాడు పొద్దున్నే అతనికి మందు సబ్బుతో స్నానం చేయించారు. ఏ వైపు కోయాలో ఆ వైపు తొడ మీద డాక్టరే స్వయంగా గుర్తు పెట్టాలి. డాక్టరు గారు ఓపీకి వెళ్ళే తొందరలో వచ్చారు. గుర్తు పెట్టే పెన్ను తీస్తే గీత పడలేదు, ఎండిపోయింది. ఇంకొకటి స్టోరు నుంచి తెప్పించడానికి పావుగంట పడుతుంది. నాకు పాతకాలపు తెలివి ఉపయోగించాలని బుద్ధి పుట్టింది. మా రోజుల్లో పెన్నులెక్కడివి? పుండ్లకి రాసే ఊదారంగు మందు సీసా, పుల్లకి చుట్టిన దూది తెచ్చి ఇచ్చాను. ఆయన దాంతోనే కుడి తొడ ముందు వైపు, కాస్త లోపలికి, తుంటి వైపు చూపించే బాణం గీసి, దాని కింద తన పొట్టి సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆ సంతకానికి చివర తోక ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కేసు షీట్ల మీద చూస్తున్న తోకే.

నేను దుప్పటి కప్పబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆరలేదండీ. ఒళ్ళు కూడా ఇంకా చెమ్మగానే ఉంది. తడి రంగు మీద మడత పడితే అవతలి పొరకి దిగుద్ది."

"ఇది చీర కాదు అన్నయ్య గారూ, తొడ" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు పక్కున నవ్వారు. అతను నవ్వలేదు. నేను దుప్పటి లాగి కప్పేసి వచ్చేశాను.

ఆ తర్వాత గంటలో వార్డులో ఏం జరిగిందో మాకు విచారణలో గానీ తెలియలేదు. ఇప్పుడే చెప్పేస్తాను, మీరు తికమక పడకుండా. వెల్లకిలా పడుకుంటే కుడి తుంటి లాగేస్తోందని అతను ఎడమ పక్కకి ఒత్తిగిల్లి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. తొడకి తొడ ఒత్తుకుంది. రంగు ఎడమ తొడకి దిగింది, గౌనుకీ అంటింది. ఆయమ్మ ఆ గౌను చూసి హడలిపోయింది. ఎందుకంటే అంతకు ముందు వారమే దుప్పటి మీద అయోడిన్ మరక ఉందని నేను ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. గబగబా గౌను మార్పించి, స్పిరిట్ దూది అతని భార్య చేతిలో పెట్టి, "ఆ మరక తుడిచెయ్యమ్మా, సిస్టరు గారు చూస్తే నన్ను బతకనివ్వదు" అందట. ఆ ఇల్లాలు మరక పడిన గుడ్డ పనికిరాదనే ఇంట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. శ్రద్ధగా, గట్టిగా తుడిచింది. పక్కకి పాకిన రంగు తుడుస్తోందనుకుని అతనూ ఊరుకున్నాడు, నడుము వంచి చూసుకోలేడు కదా. కుడి తొడ మీది అసలు గుర్తు పోయింది. ఎడమ తొడ మీదికి దిగింది ఎవరూ చూడలేదు.

థియేటర్లో అన్నీ మామూలుగా జరిగాయి. అతన్ని కూర్చోబెట్టి, దిండు కౌగిలించుకోమని చెప్పి, నడుముకి ఇంజెక్షన్ ఇచ్చింది డాక్టరమ్మ. పడుకోబెట్టాక కాళ్ళ మీద గిల్లి చూసింది. తెలియడం లేదన్నాడు. తూగే మందు కొద్దిగా ఎక్కించింది. అతని కళ్ళు బరువెక్కాయి, మాట నెమ్మదించింది, కానీ మెలకువగానే ఉన్నాడు. ముందు రోజు అడిగినట్టే కీలు పెట్టె సీలు చూపించాం. తల ఊపాడు.

ఇక వైపు సరిచూసుకోవాలి. ఆ పని నాది. నేను అతని కాళ్ళ దగ్గర, అతనికి ఎదురుగా నిలబడి, కాగితం చూసి "కుడి తుంటి" అని పైకి చదివి, దుప్పటి ఎత్తాను. నా కుడి చేతి వైపు ఉన్న తొడ మీద ఊదారంగు బాణం కనిపించింది. ఎదురుగా నిలబడ్డవాళ్ళ కుడి అవతలివాళ్ళకి ఎడమ అవుతుందని పలకాబలపం పట్టిన పిల్లలకి కూడా తెలుసు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నాకు ఆ క్షణాన తెలియలేదు. "మార్కు ఉంది" అన్నాను. మా అసిస్టెంటు టిక్కు పెట్టాడు.

అప్పుడే అతను తల కాస్త ఎత్తి తన తొడ వంక చూసుకున్నాడు.

"అది కాదమ్మా" అన్నాడు. నాలుక మందంగా తిరుగుతోంది. "అది వేసింది కాదు. అంటింది. తిరగబడింది చూడండి."

డాక్టరమ్మ వంగింది. "ఏమంటున్నారండీ?"

"అదే డాక్టరమ్మా, అద్దకం గోల. నిన్నటి నుంచీ ఇదే వరస" అన్నాను నేను. "మత్తు ఎక్కి పలవరిస్తున్నారు. కొంచెం పెంచండి."

"ఒక్కసారి విందామా సిస్టర్?"

"డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారమ్మా. ఈయన ఇలా తల ఎత్తుతూ ఉంటే పక్కకి తిప్పేదెలాగ?"

ఆవిడ నా కంటే పాతికేళ్ళు చిన్నది. నా మాట కాదనే ధైర్యం ఆ థియేటర్లో చాలామందికి లేదు. సిరంజి కొద్దిగా నొక్కింది. అతను నా చెయ్యి వెతుక్కుంటున్నట్టు వేళ్ళు కదిపాడు. "ఆరకుండానే... కప్పేశారు..." అని, ఇంకేదో అనబోయి కళ్ళు మూసేశాడు. నాకు హాయిగా అనిపించింది. నిజం రాస్తున్నాను, హాయిగానే అనిపించింది.

అతన్ని కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టాం, ఎడమ తుంటి పైకి వచ్చేలాగ. పట్టీలు బిగించాం. నేను మందు నీళ్ళతో తొడ తుడవడానికి వంగాను. లైటు నేరుగా ఆ గుర్తు మీద పడింది. పొద్దున్న ముదురుగా పెట్టిన రంగు ఇప్పుడు పాలిపోయి ఉంది. సంతకం తోక ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపుకి తిరిగి ఉంది.

ఆ క్షణంలో నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఇతనే పెట్టుకున్నాడు, అనుకున్నాను. అచ్చులు చెక్కేవాళ్ళతో తిరిగే మనిషి, డాక్టరు సంతకం దొంగిలించి మమ్మల్ని ఇరికించడానికి దొంగ గుర్తు వేసుకున్నాడు, దొరికిపోయాడు! దానికి సాక్ష్యం వెతకడానికే అతని కింది కాలు కాస్త పక్కకి జరిపి చూశాను. కుడి తొడ మీద, గట్టిగా రుద్దితే ఎర్రబడిన చర్మంలో, ఊదారంగు చారలు మిగిలి ఉన్నాయి. మడత పడితే అవతలి పొరకి దిగుద్ది అన్న మాట అప్పుడు నా చెవికి చేరింది.

డాక్టరు గారు చేతులు పైకెత్తుకుని లోపలికి వచ్చారు. "సిద్ధమేనా సిస్టర్?"

"ఆగండి సార్" అన్నాను. "వైపు తప్పు."

కాగితం మళ్ళీ చదివారు. ఎక్స్‌రే మళ్ళీ చూశారు. పట్టీలు విప్పి, అతన్ని తిప్పి, మొదటి నుంచి మొదలుపెట్టారు. కుడి తుంటి మార్చారు, బాగా జరిగింది. కుట్లు వేస్తుండగా డాక్టరు గారు నా వైపు తిరిగి, "ఇవాళ మీరు నన్ను కాపాడారు సిస్టర్" అన్నారు. కాదు సార్ అనడానికి అది సరైన సమయం. నేను గాజ్ ముక్కలు లెక్కపెడుతూ ఉండిపోయాను.

తూగే మందుకి ఒక గుణం ఉంది. అది ఎక్కాక జరిగిందీ, మాట్లాడిందీ చాలామందికి గుర్తుండదు. సాయంత్రం నేను భయపడుతూ వార్డుకి వెళితే అతను, "అప్పుడే అయిపోయిందా అండీ? నడుముకి సూది గుచ్చిందాకే గుర్తుంది" అన్నాడు. నా గుండెల మీంచి బరువు దిగింది. ఆ బరువు దిగినందుకే ఈ రోజు వరకూ సిగ్గుపడుతున్నాను.

విచారణలో తప్పు ఎవరిదో తేలిపోయింది. తుడిచిన భార్యది, దూది ఇచ్చిన ఆయమ్మది. ఆయమ్మని వార్డు నుంచి బట్టల గదికి మార్చారు. ఊదారంగు మందు తెచ్చింది నేనే అన్న సంగతి ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది. అతను మాట్లాడిన సంగతి అసలు రాలేదు. మీటింగులో నాకు శాలువా కప్పారు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టలేదు. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళుతూ, నన్ను పక్కకి పిలిచి, "అతను చెప్పాడు కదా సిస్టర్" అంది. "చాలా అన్నాడమ్మా, అందులో ఏది వినాలి" అన్నాను. ఆవిడ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరూ నాకు దణ్ణం పెట్టారు. "మీరు చూడకపోతే ఏమైపోయేవాణ్ణండీ" అన్నాడతను. భార్య తల వంచుకుని నిలబడింది. డ్యూటీ కదండీ అని నేను పెద్దమనిషిలా నవ్వాను. ఆ తర్వాత ఎన్నో పద్ధతులు మార్చాను. సరైన పెన్నుతోనే గుర్తు పెట్టాలన్నాను. గుర్తు ఆరేదాకా ఏదీ కప్పకూడదన్నాను. మత్తు ఎక్కించక ముందే ఏ వైపో మనిషి చేత నోటితో చెప్పించి, వేలితో చూపించాలన్నాను. అన్నీ మంచివే, వాటిని మీరు తప్పకుండా పాటించండి. నేను వాటిని ఎందుకు పెట్టానో మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. నా రిటైర్మెంటు ఇంకో మూడు వారాలు ఉందనగా అతను ఎడమ తుంటి మార్పించుకోవడానికి వచ్చి చేరాడు. ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం వార్డుకి వెళితే నేను గుర్తుపట్టలేదు. మనిషి మారలేదు, తీరు మారింది. కాగితాలు చదవకుండా సంతకాలు పెట్టేస్తున్నాడు. కీలు పెట్టె గురించి అడగలేదు, గౌను గుడ్డ నలిపి చూడలేదు.

"ఆ ఆపరేషన్ అయిందగ్గర్నుంచీ అంతేనండీ" అంది భార్య. "నా అనుమానాలు నన్నేం కాపాడాయి, కాపాడింది ఆ సిస్టరమ్మే కదా అంటారు. అద్దకం షెడ్డులో కూడా ఎవరేం చెప్తే దానికి సరే అంటున్నారు. పటిక నాలిక మీద వేసుకోవడం కూడా మానేశారు."

"ఈసారి మొత్తం పడుకోబెట్టేయమనండి సిస్టరు గారూ" అన్నాడతను నవ్వుతూ. "మెలకువగా ఉండి నేను చూసేదేముంది? మీరున్నారుగా."

మాట మార్చి వచ్చేయొచ్చు. మూడు వారాలు ఓపిక పడితే ఆ కథతోనే ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ మనిషి నన్ను నమ్మి కళ్ళు మూసుకుంటానంటున్నాడు, ఆ నమ్మకం నేను అబద్ధం మీద కట్టిచ్చింది. రేపు ఇంకేదైనా పొరపాటు జరిగితే ఈసారి తల ఎత్తి చెప్పేవాడు ఉండడు.

"వద్దు" అన్నాను. "ఏ మత్తు ఇవ్వాలో డాక్టర్లు చెబుతారు. కానీ గుర్తు చూసి, మిమ్మల్ని పక్కకి తిప్పి పడుకోబెట్టేదాకా మాత్రం మెలకువగా ఉండండి. పోయినసారి కనిపెట్టింది నేను కాదు, మీరు."

స్టూలు లాక్కుని కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఊదారంగు సీసా తెచ్చింది, ఆరకుండా కప్పింది, ఆయమ్మ ఎందుకు హడలిందీ, అతను తల ఎత్తి ఏమన్నదీ, నేను కొంచెం పెంచండి అన్నదీ, ఆఖరికి అతన్నే దొంగ అనుకున్నదీ. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతను నా మొహం వంక చూడలేదు.

"రెండేళ్ళు" అన్నాడు చివరికి. "రెండేళ్ళు దీన్ని తిట్టానండీ. నీ వల్ల నా కాలు పోయేదే అని, కూర్చున్నా నిలబడ్డా తిట్టాను."

భార్య చేతిలో ఉన్న ఫ్లాస్కు కింద పెట్టి, వరండాలోకి వెళ్ళిపోయింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అని అడిగాడు.

"మీరు నిద్రపోతానన్నారు కాబట్టి."

"రిటైరవుతున్నారంటగా. అందుకా?"

"అదీ ఉందేమో."

"ఇంకేమైనా దాచారా?"

"లేదు."

"ఎలా నమ్మను?"

"నమ్మొద్దు" అన్నాను.

అప్పుడు నా వంక చూశాడు. రెండేళ్ళ కిందట గౌను గుడ్డ నలిపి చూసిన రోజున ఎలా చూశాడో అలాగే. తర్వాత తలగడ కింద చెయ్యి పెట్టి కళ్ళజోడు తీసుకుని, సంతకం పెట్టిన కాగితాలు మళ్ళీ తెప్పించమన్నాడు. ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు.

మర్నాడు పెన్నుతో పెట్టిన గుర్తు ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. థియేటర్లో బల్ల మీద పడుకుని, ఇంకా ఏ మందూ ఎక్కకముందే కొత్త మత్తు డాక్టరు అడిగితే "ఎడమ" అని చెప్పి, వేలు పెట్టి చూపించాడు. తూగే మందు ఈసారి అసలు వద్దని చెప్పి, పెద్ద డాక్టరు గారిని పిలిచాడు.

"సార్, ఒక్క మాట. ఆ సిస్టరు గారు బయట ఉంటే బాగుంటుందండీ."

డాక్టరు గారు తెల్లబోయారు. "ఆవిడెవరో తెలుసా? పోయినసారి నిన్ను..."

"తెలుసండీ. అందుకే."

అందరూ నా వైపు తిరిగారు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను బయటికి వెళ్ళమన్న మనిషి లేడు. "ఆయన చెప్పింది సబబే సార్, సాయంత్రం మీకు చెబుతాను" అని గ్లవ్స్ విప్పేశాను. ఆ సాయంత్రమే ఆయనకి అంతా చెప్పాను కూడా. ఆయమ్మని తిరిగి వార్డుకి వేయించారు. "ఆ కథ మాత్రం అలాగే ఉండనివ్వండి సిస్టర్, దాని వల్ల పిల్లలు జాగ్రత్తగా ఉంటున్నారు" అన్నారు. అందుకే అది ఇప్పటికీ అలాగే తిరుగుతోంది.

నేను బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ అక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉందో గానీ నేను దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి. రెండో చివర అతని భార్య కూర్చుని ఉంది. మా మధ్య ఇద్దరు పట్టేంత ఖాళీ. తలుపు మూసి ఉంది, లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రావడం లేదు. సరిగ్గా తిప్పారా, పట్టీలు బిగించారా, మూడోసారి లెక్కపెట్టేవాళ్ళు ఎవరున్నారు అని నా మనసు ఒకటే పీకుతోంది. తలుపుకి ఇవతల కూర్చున్నవాళ్ళకి ఇలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు.

చాలాసేపటికి ఆవిడ తలుపు వంకే చూస్తూ అడిగింది. "లోపల అంతా సరిగ్గానే చేస్తారా అండీ?"

ఈ ప్రశ్నకి ముప్పై ఏళ్ళుగా నా దగ్గర ఒకటే జవాబు. ఏం భయం లేదమ్మా, మేమున్నాంగా. అది నోటి దాకా వచ్చింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "కానీ ఆయన మెలకువగా ఉన్నారు."